బావగారి మూడు మందులు

కొత్త లాప్‌టాప్ కొని ఇంకా నెల కాలేదు, రోజూ పొద్దున్నే తెర కింద కుడిమూల ఒక ఎర్ర డబ్బా లేస్తోంది. "మీ రక్షణ గడువు ముగియబోతోంది" అంటుంది. మూసేస్తే మర్నాడు ఇంకాస్త పెద్ద అక్షరాలతో మళ్లీ లేస్తుంది. ఇవాళ కాఫీ గ్లాసు పక్కన పెట్టి చూద్దును కదా, "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని ఏకంగా నా మీదికే వచ్చింది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పిల్లల్ని భయపెట్టి బతికినదాన్ని, ఒక ఎర్ర డబ్బాకి జడుస్తానా అనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, కాస్త జడిశాను. సరిగ్గా అప్పుడే ప్రహరీ గోడ అవతల నుంచి పక్కింటావిడ పిలిచింది. వట్లూరులో మా వీధి అంతా రిటైరైనవాళ్లమే కాబట్టి ఒకరింట్లో ఏం పాడైతే రెండో ఇంట్లోనూ అదే పాడవుతుంది. వాళ్ల కంప్యూటర్లోనూ ఇదే డబ్బా లేచిందట. "ఏవండీ, ఈ యాంటీవైరస్ నిజంగా వేయించుకోవాలాండీ, లేకపోతే వాడు ఊరికే బెదిరిస్తున్నాడాండీ?" అని అడిగింది. అవుననో కాదనో ఒక్క మాట చెప్పి లోపలికి వచ్చేయొచ్చు. ఆ ఒక్క మాటే నా నోట్లోంచి రాలేదు. పదకొండేళ్ల కిందట మా అక్కావాళ్లింట్లో ఒక కంప్యూటర్ ముందు నిలబడ్డ రోజు గుర్తొచ్చి, "మధ్యాహ్నం వచ్చి చెబుతానండి" అని తప్పించుకున్నాను. మధ్యాహ్నం చెప్పబోయేది ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

మా అక్క భర్త, అంటే మా బావగారు, కలిదిండి దగ్గర రొయ్యలు పెంచేవారు. చెరువు విషయంలో ఆయనంత చాదస్తపు మనిషిని నేను చూడలేదు. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ వస్తే రెండు రోజుల్లో చెరువు చెరువంతా పోతుంది, అందుకని ఆయన కాపలా సరిహద్దులో సిపాయిలా ఉండేది. పీతలు పాకి రాకుండా గట్టు చుట్టూ వల కట్టించారు. కొంగలు పక్క చెరువులో జబ్బు రొయ్యని ముక్కున పట్టుకొచ్చి ఇక్కడ వదులుతాయని చెరువు మీద అడ్డంగా తాళ్లు లాగించారు. గట్టు ఎక్కేచోట బ్లీచింగ్ నీళ్ల తొట్టి ఒకటి కట్టించారు, అందులో కాళ్లు ముంచందే ఎవరూ పైకి రాకూడదు. కొత్త పంట వేసినప్పుడు ప్రార్థన చేయడానికి వచ్చిన చర్చి సంఘం అయ్యగారి చేత కూడా చెప్పులు విప్పించి, పంచె పైకి పట్టుకోమని, ఆ తొట్టిలో నిలబెట్టారు. అయ్యగారు దాన్ని కూడా ఒకరకం బాప్తిస్మమే అనుకుని నవ్వుకుంటూ ఎక్కారు గాబట్టి సరిపోయింది. ఇక పక్కవాడి వల మన చెరువులో వేయడమన్న మాట ఆయన దగ్గర ఎత్తడానికే వీల్లేదు.

ఇన్ని జాగ్రత్తలున్న మనిషికి ఒక బలహీనత ఉంది, అది మందుల పిచ్చి. ట్రేలో వేసిన మేత ఒక్కపూట మిగిలిందంటే చాలు, కంపెనీల వాళ్లు మోటారు సైకిళ్ల మీద తెచ్చిచ్చిన సీసాలన్నీ వరుసగా పెట్టి, దీంట్లో కాస్త, దాంట్లో కాస్త కలిపి చల్లేసేవారు. ఇదేం వైద్యం బావగారూ అంటే, "ఏది పనిచేస్తుందో మనకేం తెలుసమ్మాయ్, అన్నీ పడితే ఏదో ఒకటి తగులుతుంది" అనేవారు. ఆయన ఒక్కరే కాదు, ఆ గట్ల మీద చాలామందిది ఇదే శాస్త్రం. రొయ్య బతికితే మందు గొప్ప, చస్తే మందు చాలలేదు.

ఆ ఇంట్లో కంప్యూటర్ వాతావరణం చూసుకోవడానికని బావగారు కొన్నారు గానీ, కొన్న నెలకే అది అక్క సొత్తయిపోయింది. అక్క మేం పుట్టిన ఊరి సంఘం బాప్తిస్మపు రిజిస్టరు పని నెత్తిన వేసుకుంది. మిషన్ దొరల కాలం నుంచి వస్తున్న పెద్ద అట్టల పుస్తకం అది. పుట్టిన తేదీ కాగితం ఏదీ లేని మా పాత తరానికి పింఛనుకైనా, పాస్‌పోర్టుకైనా అందులో పేరే సాక్ష్యం. పేజీలు పొడిపొడిగా రాలిపోతున్నాయని అక్క రెండు నెలలు చర్చిలోని వెస్ట్రీ గదిలో కూర్చుని ఒక్కో పేజీనీ చిన్న కెమెరాతో ఫొటో తీసింది. ఏ ఏడాది పేజీలు ఆ ఏడాది ఫోల్డర్లో వేసి కంప్యూటర్లో దాచింది. తర్వాత రెండేళ్లపాటు, పొద్దున్న పనయ్యాక కూర్చుని, ఫొటో చూసుకుంటూ ఒక్కో పేరూ టైపు చేసింది. ఆ తర్వాత వచ్చిన వానల్లో కొల్లేరు నీళ్లు వెస్ట్రీలోకి వచ్చి, బీరువా కింది అరలో ఉన్న అసలు పుస్తకం నాని ముద్దయిపోయింది. ఎండబెడితే అట్టా కాగితమూ కలిసి ఇటుకలా బిగుసుకున్నాయి. అంటే ఊళ్లో నాలుగు తరాల పుట్టుకలకి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు మా అక్క కంప్యూటర్లో ఉందన్నమాట. ఇంకో కాపీ తీసిపెట్టమని నేను రెండుసార్లు చెప్పాను. "తీస్తాలేవే" అంది. మూడోసారి నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాది.

అక్క ఈ పనికి ఎందుకు పూనుకుందో ఊళ్లోవాళ్లకి తెలియదు, ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన బావగారికీ తెలియదు. నాకు తెలుసు. అరవై ఎనిమిదిలో మాకొక తమ్ముడు పుట్టాడు. పదకొండు రోజులు బతికాడు. అప్పుడు నాకు ఆరేళ్లు, నన్ను అమ్మమ్మ గారింటికి పంపించేశారు. తిరిగొచ్చేసరికి ఉయ్యాల విప్పేసి ఉంది. అక్కకి పదేళ్లు, అది ఇంట్లోనే ఉంది. పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే అయ్యగారిని పరుగున పిలిపించి బాప్తిస్మం ఇప్పించారనీ, అప్పుడు ఒక పేరు పెట్టారనీ మాత్రం విన్నాను. ఆ పేరేమిటో మా అమ్మ బతికున్నంతకాలం నోరు విప్పలేదు, నాన్నగారి ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఫొటో లేదు, సమాధి మీద పలక లేదు. ఈ భూమ్మీద వాడు ఉన్నాడనడానికి ఆ రిజిస్టర్లో ఒక్క వరుస ఉంది. అక్క దాన్ని ఫొటో తీసిందని తెలుసు. చూపించమని నేను అడగలేదు, చూడమని తనూ అనలేదు.

ఒకరోజు ఎవరికో పుట్టిన పేజీ ప్రింటు కావాలంటే అక్క పెన్‌డ్రైవ్‌లో వేసి జిరాక్స్ షాపుకి పంపించింది. ఊరివాళ్లందరి పెన్‌డ్రైవులూ గుచ్చే కంప్యూటర్ అది. తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌ని అక్క తుడవనన్నా తుడవకుండా తన కంప్యూటర్‌కి పెట్టింది. మర్నాడు తెరిచేసరికి ఫోల్డర్లన్నిటికీ మూలన చిన్న బాణం గుర్తు. ఏ ఏడాది నొక్కినా పేజీలు రావడం లేదు, ఏదో నల్ల తెర మెరిసి మాయమవుతోంది. ఇది వైరస్ పనేనని బావగారికి అర్థమైంది. వైరస్ అనగానే ఆయనకి చెరువు గుర్తొచ్చింది, చెరువు గుర్తొస్తే మందులు గుర్తొచ్చాయి. ఒక యాంటీవైరస్ కైకలూరులో డబ్బాతో కొనుక్కొచ్చారు. రెండోది మేత డీలరు గారి అబ్బాయి ఫ్రీగా దొరుకుతుందంటే దింపించారు. మూడోది ఎవరో స్నేహితుడు సీడీలో దొంగకాపీ ఇస్తే అదీ ఎక్కించేశారు. మూడూ కలిపి ఒకేసారి మొదలుపెట్టారు.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో పనిచేసేదాన్ని. సెలవురోజు పొద్దున్నే అక్క ఫోను. "ఒకసారి రావే, సంవత్సరాలు పోతున్నాయి" అంది. ఏ సంవత్సరాలు, ఎక్కడికి పోతున్నాయి అంటే, "ముప్పై ఒకటి పోయింది, ముప్పై రెండు పోయింది, నా కళ్లముందే పోతున్నాయి" అని ఏడుపు గొంతుతో ఫోను పెట్టేసింది. దొరికిన బస్సెక్కి, గణపవరం దాటి, ఇంకో బస్సు మారి వెళ్లేసరికి పదిన్నర దాటింది. దారంతా ఆ బస్సు ప్రతి చెరువు గట్టు దగ్గరా ఎవరో చెయ్యెత్తితే ఆగుతుంది, నాకేమో ఒళ్లు మండిపోతుంది, డ్రైవరుని తిట్టుకుంటూనే వెళ్లాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని తెర వంక చూస్తోంది. బావగారు వెనకాల నిలబడి ఉన్నారు. తెర మీద ఒక పట్టిక మెల్లగా పైకి జరుగుతోంది. యాభై ఏడు, పక్కన "తొలగించబడింది" అని ఎర్ర అక్షరాలు. కాసేపు ఏమీ కదలదు. ఆ మూడు మందులూ ఒకదాన్నొకటి శత్రువనుకుని కొట్టుకుంటున్నాయి కాబోలు, కంప్యూటర్ రొప్పుతున్నట్టు చప్పుడు చేస్తోంది. ఉన్నట్టుండి యాభై ఎనిమిది, తొలగించబడింది. అది మా అక్క పుట్టిన ఏడాది. అక్క కదల్లేదు. తనకి తన ఏడాదితో పనిలేదని, ఇంకో పది ఏళ్ల కిందికి చూస్తోందని నాకు అర్థమైంది.

ఆపేయండి బావగారూ అన్నాను. "మందు సగంలో ఆపకూడదమ్మాయ్, జబ్బు ఇంకా ముదురుతుంది" అన్నారు. ఆయన ముఖం చూస్తే ఆయనా భయపడే ఉన్నారు, కానీ ఏదో ఒకటి చేస్తూ ఉండడం తప్ప భయానికి ఇంకో విరుగుడు ఆయనకి తెలియదు. అరవై పోయింది. నాకు కోపం ఆగలేదు. "పక్కవాడి వల మీ చెరువులో వేయనిస్తారా?" అని అడిగాను. "ఛ, అదేం మాట!" అన్నారు. "మరి ఊరందరి కంప్యూటర్లలో మునిగొచ్చిన పెన్‌డ్రైవ్‌ని ఇంట్లోకి ఎట్లా రానిచ్చారండీ? అయ్యగారి కాళ్లు కడిగించారు గదా!" అన్నాను. ఆయన బల్ల వంక చూశారు. అక్కడ బల్లమీద ఆ పెన్‌డ్రైవ్, ఎర్ర దారం కట్టి, ఏమీ ఎరగనట్టు పడి ఉంది. నేను గెలిచానన్నమాటే గానీ, ఆ గెలుపుతో ఏం చేయాలో నాకూ తెలియలేదు. అరవై మూడు పోయింది. ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

అప్పుడు అక్క తెర మీంచి కళ్లు తిప్పకుండా, నిదానంగా అడిగింది. "ఏవండీ, రొయ్య గట్టుకొచ్చి తేలుతుంటే మీరు మందు కొడతారా, పట్టుబడి చేస్తారా?"

బావగారు ఆమె వంక చూశారు. తెల్లమచ్చ వచ్చిందని ఖాయమయ్యాక ఇక సీసాల జోలికి పోకూడదని, ఉన్న రొయ్యని ఉన్నట్టుగా వలతో లాగి ఒడ్డున పడేసుకోవాలని, ఆ రొయ్య తిన్నవాళ్లకి ఏమీ కాదని ఆయన పదిమందికి చెప్పిన మనిషి. "పట్టుబడేనే" అన్నారు. అని ఇంకేం ఆలోచించకుండా వంగి గోడకున్న ప్లగ్గు లాగేశారు. తెర నల్లబడింది. చివర కనిపించింది అరవై ఆరో అరవై ఏడో నేను చెప్పలేను. అక్కని అడిగే ధైర్యం లేకపోయింది.

కంప్యూటర్ పెట్టెని తువ్వాల్లో చుట్టి, కారెక్కించి, ముగ్గురం తాడేపల్లిగూడెం వచ్చాం. నాకు తెలిసిన రిపేరు షాపతను పెట్టె ఊడదీసి, దుమ్ము ఊది, "ఫార్మాట్ కొట్టేద్దామండీ, కొత్తదాన్లా పరిగెడుతుంది, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. లోపలున్నవి ఏమవుతాయండీ అని అక్క అడిగితే, "అవి ఇంక లేవనుకోండమ్మా, పోయాయి గదా" అని తేలిగ్గా అనేశాడు. పాపం అతని తప్పేం లేదు, రోజుకి పది పెట్టెలు చూస్తాడు. కానీ అక్క ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి తీయలేదు. అతను స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ చెయ్యి తీస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. ఉండండి అని, నాతో పనిచేసే టీచరుగారి అమ్మాయి వట్లూరు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుందని గుర్తొచ్చి ఫోను చేశాను. నేను ముగించకముందే ఆ పిల్ల, "ఆంటీ, ఫార్మాట్ చేయలేదు కదండీ? ఎవర్నీ ముట్టుకోనివ్వకండి, నేను కాలేజీలోనే ఉంటాను, తీసుకొచ్చేయండి" అంది. గూడెం నుంచి వట్లూరు దాకా అక్క ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బావగారు స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండిని లోపల పసిపిల్లాడు నిద్రపోతున్నట్టు నడిపారు.

ల్యాబ్‌లో ఆ అమ్మాయి పెట్టెలోంచి డిస్కు ఒక్కటీ బయటికి తీసి, తన కంప్యూటర్‌కి తగిలించింది. తెర మీద ఏమీ లేదు, తెల్లగా ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి ఎక్కడో సెట్టింగ్ ఒకటి మార్చింది. ఒక్కసారిగా సంవత్సరాలు కనిపించాయి. మామూలు పసుపు రంగులో కాదు, ఉతికి ఉతికి వెలిసిపోయిన బట్టల రంగులో, వరుసగా, ఒక్కటీ తప్పకుండా. "పోలేదండీ. వైరస్ అసలువాటిని దాచేసి, అవే పేర్లతో దొంగ గుర్తులు పెట్టిందండీ. మీ యాంటీవైరస్ తీసేసింది ఆ దొంగవాటినేనండీ" అని చెప్పింది. మేం పొద్దున్నుంచీ ఏడ్చింది ఆ దొంగవాటి కోసమన్నమాట. అక్క వేలితో తెర మీద కిందికి లెక్కపెట్టుకుంటూ వెళ్లి అరవై ఎనిమిది దగ్గర ఆపింది. తెరవలేదు. ఉందని చూసుకుంది, అంతే. బావగారు కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు బయట పార్కింగ్ చూశారు.

అన్నీ దక్కాయని మాత్రం అనలేను. అక్క రెండేళ్లు టైపు చేసిన పేర్ల ఫైలుకి నిజంగానే జబ్బు అంటింది, దాన్ని బాగుచేయడం చేతకాక ఆ దొంగకాపీ మందు ఫైలునే ఎత్తి అవతల పారేసింది. రెండేళ్ల పొద్దుటిపూటలు పోయాయి. మందు అసలు వద్దంటావా అమ్మా అని బావగారు అమాయకంగా అడిగితే ఆ అమ్మాయి నవ్వి, "ఒకటి కావాలండీ, ఒక్కటే చాలండీ, అదీ అసలుది. అప్‌డేట్ అడిగినప్పుడు కాదనకండి. ఎవరి పెన్‌డ్రైవులు పడితే వాళ్లవి పెట్టకండి. అన్నిటికంటే ముందు రెండు కాపీలు, రెండు వేరు వేరు ఇళ్లలో" అంది. ఈ రోజుల్లో కంప్యూటర్‌తో పాటే ఆ ఒక్కటీ వస్తుంది. ఇంట్లో ఉత్తరాలూ ఫొటోలూ చూసుకునే నాలాంటివాళ్లకి అది సరిపోతుంది, విడిగా కొనక్కర్లేదని పక్కింటావిడకి మధ్యాహ్నం చెబుతాను. రెండో కాపీ తీశారా అని మాత్రం మూడుసార్లు అడుగుతాను. ఎర్ర డబ్బా అమ్మేది భయం, ఆ భయంలో చేసే పనులే ఎక్కువ చెరుపు చేస్తాయని మా బావగారిని చూసి తెలుసుకున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నానంటే ఆయనకి నచ్చదు.

మళ్లీ టైపు చేయాలంటే అక్క కళ్లు అప్పటికి మునుపట్లా లేవు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక బావగారు తెర మీద ఫొటో పెద్దది చేసి చదువుతుంటే అక్క విని టైపు చేసేది, నేను వెళ్లిన వారం నేను చదివేదాన్ని. పాపం చేసినవాడు ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టు ఆయన ఒక్క వారం కూడా ఎగ్గొట్టలేదు. పిల్లాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి పేరు, అలా సాగేది. ఆ వారం నేనూ అక్కడే ఉన్నాను. అరవై ఎనిమిది మొదలైందని నాకు తెలుసు, నేను చదువుతాను ఇటివ్వండి అనాలనుకుని అనలేకపోయాను. బావగారు ఒక పేరు చదివి, తండ్రి పేరు దగ్గరికి వచ్చి, "ఇది మావయ్యగారి పేరు గదా!" అన్నారు. తల్లి పేరు చూశారు. అంచున చిన్నగా రాసి ఉన్న మరణం తేదీ చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అక్క వంక చూశారు.

అక్క చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, కదలడం లేదు. "పిల్లాడి పేరు మళ్లీ చదవండి" అంది. బావగారు చదివారు. "సరిగ్గా వినపడలేదండీ, ఇంకొకసారి" అంది. రెండు చెరువుల అవతలున్న మనిషిని కేకేసి పిలవగల గొంతు ఆయనది, అక్క ఆయనకి బారెడు దూరంలో కూర్చుని ఉంది. ఆయన మూడోసారి మెల్లగా, ఒక్కో అక్షరమూ విడదీసి చదివారు. నేను లోపల్లోపల ఆయనతో పాటే పలికాను, నాకు అదే మొదటిసారి వినడం. అక్క టైపు చేసింది. పదకొండు రోజులు బతికిన మా తమ్ముడి పేరు ఒక ఇంట్లో పైకి వినపడడానికి నలభై ఆరేళ్లు పట్టింది.